మాట తప్పని కిటికీ తెర

వేసవి మధ్యాహ్నము మూడు గంటల వేళ పడమటి కిటికీ గల గదిలో కూర్చుండుట యెట్లుండునో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు. మన పెద్దలు దీనికి విరుగుడుగా గుమ్మములకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లెడివారు. కిటికీలకు వెదురు తడికలు వ్రేలాడదీసి, వలసినప్పుడు త్రాటితో పైకి లాగి ముడివేసెడివారు. ఇప్పుడు పెక్కిండ్లలో ఆ స్థానమున గుడ్డతో చేసిన రోలర్ బ్లైండ్లు వచ్చినవి. గుడ్డను ఒక గొట్టమునకు చుట్టి, ఆ గొట్టము లోపలనే సన్నని మోటారు నమర్చి, గోడమీది స్విచ్చుతోనో, చేతిలోని రిమోటుతోనో, ఫోనుతోనో ఎక్కించుచు దించుచున్నారు. అంగళ్లలో వీనిని స్మార్ట్ బ్లైండ్లని పిలుతురు. మేము ఈ ప్రసంగమున మోటారు తెరలనియే వ్యవహరింతుము.

ఈ తెర పనిచేయుట వింత కాదు. ప్రతిదినము తప్పక పనిచేయుటయే వింత. "నిన్న దిగినది, నేడు దిగలేదు" అను మాట మా యింటను వినబడినది. మేము కామారెడ్డిలో కాపురముండగా మా అమ్మగారు ఎల్లారెడ్డిలోని పాత యింట నున్నారు. మోకాళ్ల నొప్పులచే మంచము దిగి కిటికీ చెంతకు పోయి త్రాడు లాగుట ఆమెకు కష్టమైనది. అందుచే రెండిండ్లకును ఒకే రకపు మోటారు తెరలు తెచ్చి బిగింపించితిమి. కామారెడ్డిలోనిది చక్కగా నడచినది. ఎల్లారెడ్డిలోనిది పదిహేను దినములలో మూడు పర్యాయములు మొరాయించినది. మూడవసారి తెర దిగకపోగా అమ్మగారు ముక్కాలిపీట యెక్కి దానిని చేతితో లాగబోయి జారిరి. ప్రక్కనున్న మంచపుకోడు చేతికందుటచే దెబ్బ తగులలేదు. ఆమెకు శ్రమ తగ్గింపవలెనని తెచ్చిన వస్తువే ఆమెను పీట యెక్కించినది గదా యని మాకు మనసు కలుక్కుమన్నది. నాటినుండి లోపమెచ్చట నున్నదో ఒక్కొక్కటిగా పరీక్షించుచు వచ్చితిమి. ఆ పరీక్షలో తెలిసికొన్నదానినే ఇచ్చట వివరించుచున్నాము.

మోటారు తెరకు ఐదు మెట్లు కలవు. మొదటిది కిటికీయు దానికి కట్టిన తెరయు. రెండవది మోటారు. మూడవది విద్యుత్తు. నాల్గవది ఆజ్ఞను మోసికొనిపోవు రేడియో తరంగము. ఐదవది ఆ ఆజ్ఞ నిచ్చు ఫోనో, గడియారమో. నిచ్చెనకు వలె దీనికిని పై మెట్టు క్రింది మెట్టుపై నిలుచును గాని, క్రింది మెట్టు పైదానిపై ఆధారపడరాదు. ఇంటర్నెట్టు పోయినను రిమోటు పనిచేయవలెను. ఊరిలో విద్యుత్తు పోయినను మోటారు తిరుగవలెను. మోటారే చెడినను గదికి నీడ యుండవలెను. మా యింటి తెరను మేము తలక్రిందులుగా అమర్చితిమి. ఫోను సరిగానున్ననే తక్కినవన్నియు నడచునట్లు చేసితిమి. మూడు పర్యాయముల వైఫల్యమునకును మూలమిదియే.

మొదటి మెట్టు కిటికీ. ఏ కిటికీకి తెర కావలెనో నిర్ణయించునది అంగడివాడు కాదు, సూర్యుడు. కామారెడ్డి సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. ఎల్లారెడ్డి దానికి కొంచెము దక్షిణముగా, పడమటి దిక్కున నున్నది. మే నెల రెండవ వారమునను, మరల జూలై చివరను సూర్యుడిచ్చట మిట్టమధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. ఈ రెంటి నడుమ ఆయన మధ్యాహ్నవేళ కొంచెము ఉత్తరమునకే యొరగి యుండును. జూన్ 21వ తేదీన ఆ యొరుగు సుమారు 5 డిగ్రీలు. కావున నడివేసవిలో దక్షిణపు కిటికీపై మిట్టమధ్యాహ్నపు టెండ పడదు. దానికి సజ్జ చాలును. పడమటి కిటికీ సంగతి వేరు. మూడు గంటలు దాటినపిమ్మట సూర్యుడు క్రిందికి వాలుచు సజ్జ క్రిందుగా కిరణములను లోనికి పంపును. ఆ కిరణమును సజ్జ ఆపజాలదు, తెరయే ఆపవలెను. కావున మోటారు మొదట పడమటి కిటికీకి, తరువాత తూర్పు కిటికీకి. అన్ని కిటికీలకును మోటార్లు బిగించినచో లోపములకు తావులు కూడ అన్ని హెచ్చును.

గాజు దాటి లోనికి వచ్చిన యెండ సగము పని చేసియే వచ్చును. కావున తెరకు వెలుపలి ముఖము తెల్లగానో, లేతరంగుగానో ఉండి కాంతిని త్రిప్పికొట్టవలెను. వేడిమి నాపుటకు కిటికీకి వెలుపల కట్టిన తెరయే మేలైనది. అయితే మన యూళ్లలో వెలుపల వ్రేలాడు తీగెను, మోటారును కోతులు బ్రతుకనీయవు. అందుచే కదలని వెదురు తడికను వెలుపల నుంచి, కదలు మోటారు తెరను లోపల నుంచుట తగిన యుపాయము.

ఎల్లారెడ్డిలోని మొదటి వైఫల్యము ఈ మెట్టుననే జరిగినది. అది పాత యిల్లు. గోడ తిన్నగా కనబడినను కిటికీ పైభాగము ఒక ప్రక్కకు వాలియున్నది. పనివాడు కంటిచూపుతోనే కొక్కెములు బిగించెను. గొట్టము మట్టముగా లేనిచో గుడ్డ చుట్టుకొనునప్పుడు ప్రతి చుట్టుకును కొంచెము కొంచెముగా ఒక వైపునకు జరుగును. పది దినములలో అంచు కొక్కెమునకు రాసికొని పీచు లేచి బిగిసికొన్నది. తాపీమేస్త్రీవద్ద నుండు రసమట్టమును గొట్టముపై నుంచి చూచి యుండినచో ఈ బాధ లేకపోయెడిది. ఇంకొక్క సంగతి. పాత యిండ్లలో కిటికీ రెక్కలు లోపలికి తెరచుకొనును. రెక్క తెరచి యుండగా తెర దిగినచో రెక్కపై పడి గుడ్డ మడతవడును. తెర బిగించుటకు ముందు రెక్కలును గడియలును దానికి తగులకుండ ఎడమున్నదో లేదో కొలిచి చూచుకొనవలెను.

రెండవ మెట్టు మోటారు. దీని బలమును న్యూటన్-మీటర్లలో చెప్పుదురు. లెక్క కష్టము కాదు. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల పొడవు గల తెరకు 2.7 చదరపు మీటర్ల గుడ్డ పట్టును. చదరపు మీటరుకు 400 గ్రాములు తూగు దళసరి గుడ్డయైనచో 1,080 గ్రాములు. అడుగున నుండు కడ్డీకి 600 గ్రాములు వేసికొన్నను మొత్తము 1.7 కిలోగ్రాములకు మించదు. ఈ బరువు క్రిందికి లాగు బలము సుమారు 16.5 న్యూటన్లు. గొట్టపు వ్యాసార్ధము 2 సెంటీమీటర్లు, అనగా 0.02 మీటరు. రెంటిని గుణించినచో 0.33 న్యూటన్-మీటరు వచ్చును. దుమ్మునకును, రాపిడికిని రెట్టింపు వేసికొన్నచో 0.7 చాలును. కావున 1.1 న్యూటన్-మీటరు మోటారు ఈ కిటికీకి సుఖముగా సరిపోవును. ఈ లెక్క వేయక చిన్న మోటారు తెచ్చినచో అది మొదట కొన్నాళ్లు లాగి, దుమ్ము పేరుకొన్నకొలది మూల్గుచు నిలిచిపోవును.

మోటారుకు రెండు హద్దులు నేర్పవలెను: పైన ఎచ్చట నిలువవలెను, క్రింద ఎచ్చట నిలువవలెను. పై హద్దు తప్పినచో అడుగు కడ్డీ పోయి కొక్కెములలో నిరుకుకొనును. క్రింది హద్దు తప్పినచో గుడ్డ అంతయు విప్పుకొని వెనుకవైపునుండి తిరిగి చుట్టుకొనును. గుడ్డ క్రొత్తలో కొంచెము సాగును గనుక నెల దినములు గడచినపిమ్మట హద్దులను మరల సరిచూచుకొనుట మంచిది. గోడ విద్యుత్తుతో నడచు మోటార్లు సాధారణముగా ఎడతెగక నాలుగు నిమిషములకు మించి తిరుగుట కుద్దేశింపబడినవి కావు. పిల్లలు వేడుకకు మాటిమాటికి ఎక్కించి దించినచో లోపలి రక్షణ మీట వేడిని గ్రహించి మోటారు నాపివేయును. అది చెడిపోవుట కాదు. కొంతసేపు చల్లారనిచ్చినచో మరల తిరుగును. అట్టి మోటార్లను రెంటిని ఒకే స్విచ్చుకు నేరుగా కలుపరాదు. ఒకదాని విద్యుత్తు మరియొకదానిలోనికి వెనుదిరిగి ప్రవేశించి రెంటిని పాడుచేయును.

మూడవ మెట్టు విద్యుత్తు. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. వేసవి గాలివానలలో అది పోవుటయు, వచ్చునప్పుడు వోల్టేజి ఎగిరిపడుటయు మనకు క్రొత్త కాదు. గోడ విద్యుత్తుతో నడచు మోటారునకు బలమెక్కువ. కాని కరెంటు పోయినచో అది బొమ్మ. ఇంటిలో ఇన్వర్టరున్నచో కొంత మేలు. అదియు సైన్ వేవ్ రకమై యుండవలెను. చదరపు తరంగము నిచ్చు చౌక ఇన్వర్టరుపై మోటారు గుర్రుమని మ్రోగుచు వేడెక్కును. ఉరుముల కాలమున రక్షణకై మంచి ఎర్తింగును, సర్జ్ ప్రొటెక్టరును అవసరము.

రెండవ రకము బ్యాటరీ మోటారు. లిథియం బ్యాటరీ గొట్టములోనే యుండును. ఫోనునకు వలె అప్పుడప్పుడు చార్జి చేయవలెను. ఊరంత చీకటియైనను ఇది తిరుగును. దీని శత్రువు వేడిమి. పడమటి గాజునకును తెరకును నడుమ మే నెలలో నుండు వేడి గదిలోని వేడికంటె చాల హెచ్చు. లిథియం బ్యాటరీని సాధారణముగా 45 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో చార్జి చేయరాదు. కావున మధ్యాహ్నము గాక తెల్లవారుజాముననో, రాత్రియో చార్జి చేయవలెను. నెలకొక తేదీ నిర్ణయించి గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనుట ఫోనులో వచ్చు హెచ్చరికకంటె నమ్మకమైనది. కిటికీ గాజునకు అంటించు చిన్న సౌరఫలకములు గలవు. సజ్జ నీడయు, ఇనుప చువ్వల నీడయు పడని చోటనే అవి పనికివచ్చును.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతను ఈ ప్రాంతమువారు మరువలేరు. జాతీయ రహదారియు, రైలు మార్గమును దెబ్బతిని రాకపోకలు నిలిచినవి. అట్టి దినమున ఏ పట్టణము నుండియు మెకానిక్కు రాజాలడు. ఇంటనున్న ముసలివారే చేతనైనంతలో వెలుతురును, గాలిని తెచ్చుకొనవలెను. అందుచే మోటారు తెర బిగించిన కిటికీకి పాత గుడ్డ పరదాను తీసివేయవద్దని మా సలహా. కడ్డీకి వ్రేలాడు పరదా ఒక ప్రక్కకు త్రోసి యున్నచో ఎవరికిని అడ్డుకాదు. మోటారు చెడిన దినమున చేతి కందును.

నాల్గవ మెట్టు తరంగము. ఇది మా వృత్తికి సంబంధించినది గనుక రెండు మాటలు చెప్పుదుము. రేడియో సెట్టులో 1,000 కిలోహెర్ట్జుల వద్ద వినబడు మధ్య తరంగము పొడవు 300 మీటర్లు. కొండలు, మేడలు దానిని తేలికగా ఆపజాలవు. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. అడుగున్నర మట్టిగోడయు, ఇనుప బీరువాయు, స్లాబులోని ఇనుప చువ్వలును దానికి పెద్ద అడ్డంకులు. మన దేశమున లైసెన్సు లేకయే స్వల్పశక్తితో వాడుకొనదగిన 433 మెగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. 865 మెగాహెర్ట్జులదానిది 35 సెంటీమీటర్లు. ఇవి గోడలను కొంత మెరుగుగా దాటును. పెక్కు తెరల చేతి రిమోట్లు 433 మెగాహెర్ట్జులపై మోటారుతో నేరుగా మాటాడును. వానికి రౌటరుతో పని లేదు. ఈ నేరు మార్గమే నమ్మకమునకు పునాది.

రౌటరులను గూర్చి యొక జాగ్రత్త. నేటి రౌటరులు 2.4, 5 గిగాహెర్ట్జులను రెంటిని ఒకే పేరుతో ప్రసారము చేయును. తెరల పరికరములలో చాల భాగము 2.4ను మాత్రమే గ్రహించును. ఫోను 5పై నుండగా తెరను జతపరుపబోయినచో పెక్కుసార్లు కుదరదు. రెంటికిని వేరువేరు పేర్లు పెట్టి ప్రయత్నించినచో పని సులువగును. తెరకును ఫోనునకును నడుమ దుబాసివలె నుండు చిన్న పెట్టెను హబ్ అందురు. దానికి రౌటరులో స్థిరమైన చిరునామా నిచ్చుట మంచిది. లేనిచో కరెంటు పోయి వచ్చినపిమ్మట రౌటరు దానికి వేరొక చిరునామా నీయవచ్చును. పాత చిరునామాకు పోయిన ఆజ్ఞ తలుపు తట్టి తిరిగివచ్చును.

జిగ్‌బీ, థ్రెడ్ అను పద్ధతులలో ఒక పరికరము విన్న మాటను మరియొకటి అందుకొని ముందునకు పంపును. గోడ విద్యుత్తుపై నున్న పరికరములే ఇట్లు అందించును. బ్యాటరీతో నడచునవి తమ శక్తిని దాచుకొనుటకై అందింపవు. మా మూడవ వైఫల్యము ఇచ్చటనే జరిగినది. హబ్ ముందుగదిలో నున్నది. నడుమ గదిలోని ఒక ప్లగ్గు తరంగమును అందుకొని అమ్మగారి గదికి పంపుచుండెను. అమ్మగారికి భోజనానంతరము నడుము వాల్చుటకు ముందు ఇంటిలోని స్విచ్చులన్నియు ఆర్పుట యేండ్లనాటి యలవాటు. ఆమె ఆ ప్లగ్గును కూడ ఆర్పిరి. తెరకు పిలుపు అందలేదు. ఈ తప్పు ఆమెది కాదు. పొదుపెరిగిన యింట అది సద్గుణము. ఆ యలవాటును లెక్కకు తీసికొనక యంత్రము నమర్చిన తప్పు మాది. అటుపిమ్మట హబ్‌ను ఆమె గదికి ఆనుకొనియున్న వసారాకు మార్చి, స్విచ్చు లేని సాకెట్టుకు తగిలించితిమి.

రేడియో సెట్టున్నవారికి మరియొక సూచన. తెర కదలునప్పుడు గాని, దాని అడాప్టరు చార్జి చేయుచున్నప్పుడు గాని మధ్య తరంగ ప్రసారములో గరగరమను ధ్వని వినబడినచో సెట్టు చెడినదని భయపడవద్దు. మోటారు బ్రష్షుల నిప్పురవ్వలును, చౌక అడాప్టరులును అట్టి రొదను పుట్టించును. సెట్టును కొన్ని అడుగులు దూరము జరిపి, వేరొక ప్లగ్గుకు తగిలించినచో చాలవరకు తగ్గును.

ఐదవ మెట్టు ఆజ్ఞ. కామారెడ్డిలో ఫోను నొక్కినచో ఎల్లారెడ్డిలో తెర దిగును. ఆ ఆజ్ఞ లింగంపేట మీదుగా నేరుగా పోవుచున్నదని మేము మొదట భావించితిమి. నిజమునకు అది ఎచ్చటనో దూరముననున్న సర్వరునకు పోయి, అచ్చటనుండి ఎల్లారెడ్డికి తిరిగివచ్చును. దూరమునుండి ఇచ్చు ఆజ్ఞకు ఈ చుట్టుమార్గము తప్పదు. కాని కొన్ని తెరలలో మంచముమీదనుండి అదే గది కిటికీకి ఇచ్చు ఆజ్ఞయు ఈ ప్రదక్షిణము చేసియే వచ్చును. "మూడు గంటలకు దిగుము" అను కాలపట్టికయు ఆ సర్వరులోనే యుండును. మా రెండవ వైఫల్యమిదియే. రెండున్నరకు కరెంటు పోయినది, రౌటరు ఆరినది, బ్యాటరీ నిండుగానున్నను మోటారునకు మూడు గంటలైనదని చెప్పువారు లేకపోయిరి.

ఈ చిక్కును తొలగించుటకు అనేక కంపెనీలు కలిసి రూపొందించిన మ్యాటర్ అను ప్రమాణము 2022 అక్టోబరులో వెలువడినది. దాని ననుసరించు పరికరములు ఇంటిలోపలి ఆజ్ఞలను ఇంటిలోపలనే నడుపుకొనగలవు. వేరువేరు కంపెనీల వస్తువులు ఒకదాని మాట నొకటి గ్రహింపగలవు. కిటికీ తెరలు అందు మొదటినుండియు చేరియున్నవి. అయినను కొనునప్పుడు అంగడివానిని మూడు ప్రశ్న లడుగవలెను. ఇంటర్నెట్టు లేనప్పుడు రిమోటు పనిచేయునా? కాలపట్టిక ఎచ్చట నుండును, ఇంటిలోనా, బయటనా? కంపెనీ తన సర్వరు నాపివేసినచో ఈ తెర గతి యేమి? వీనికి సూటిగా జవాబు రానిచో ఆ వస్తువును కొనకుండుట మేలు.

బిగించినపిమ్మట, పనివానికి పైకమిచ్చుటకు ముందే, మూడు పరీక్షలు చేయవలెను. మొదట రౌటరు నార్పి తెరను దింపి చూడవలెను. తరువాత మెయిన్ స్విచ్చు నార్పి, పది నిమిషములకు మరల వేసి, ఎవరును ముట్టుకొనకయే తెర తన వేళకు దిగునో లేదో చూడవలెను. చివరకు ఫోనులన్నిటిని ప్రక్కగదిలో నుంచి, ఇంటిలో పెద్దవయసువారిచేత తెరను ఎక్కింపించి దింపింపవలెను. ఈ మూడింటిలో నెగ్గిన తెరయే యింట నుంచదగినది.

నేడు ఎల్లారెడ్డి యింటి తెర ఈ విధముగా నున్నది. గొట్టము రసమట్టమునకు సరిపోయినది. లోపల బ్యాటరీ మోటారున్నది. కాలము గుర్తుంచుకొను గడియారము గల రిమోటు ఒకటి మంచపుకోటికి నాడాతో కట్టబడి యున్నది. అదియే ప్రతిదినము వేసవిలో మూడు గంటలకు తెరను దింపుచున్నది. వేసవికిని చలికాలమునకును సూర్యాస్తమయమున గంటకు పైగా తేడా యుండుటచే దసరాకును, ఉగాదికిని ఆ వేళను మార్చుచున్నాము. హబ్, ఫోను మాకోసము మాత్రమే. తెర దిగినదో లేదో కామారెడ్డినుండి చూచుకొనుటకు. ప్రక్కన పాత పరదాయు వ్రేలాడుచున్నది.

ఎల్లారెడ్డికి చేరువననే, 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరమున్నది. ఆనకట్టల తలుపులకు మోటార్లు బిగించినను చేతితో త్రిప్పుటకొక సాధనమును కూడ ఉంచుట ఇంజనీర్లు పాటించు పద్ధతి. వరద వచ్చు రాత్రి విద్యుత్తుండునని ఎవరును హామీ యీయలేరని వారెరుగుదురు. ఇంటి కిటికీ చిన్నదే కావచ్చును. కాని దాని చెంతనున్న మంచముపై లేవలేని మనిషి యున్నప్పుడు అదియు ఆనకట్ట తలుపుతో సమానమైన శ్రద్ధకు పాత్రమే. మా అమ్మగారు ఈ మెట్ల సంగతి యేమియు అడుగలేదు. "ఇప్పుడు పీట అవసరము లేదు గదా" యని మాత్రము అనిరి. పీటను వంటయింటికి మార్చితిమి.